సీజన్‌కు ముందు బైండింగ్‌ల పని: తుప్పు, రాచెట్‌లు, స్టాన్స్ (వైజాగ్ బ్యాచ్)

సీతమ్మధార_సాయి

జనవరి రెండో వారంలో స్నోబోర్డింగ్‌కు కశ్మీర్‌లోని గుల్‌మార్గ్ వెళ్తున్నాను. బోర్డు పొడవు 154 సెం.మీ., క్యాంబర్ (మధ్యలో పైకి వంగిన ఆకారం), నడుము వెడల్పు 25.2 సెం.మీ. బైండింగ్‌లు (బూట్లను బోర్డుకు పట్టి ఉంచేవి) మీడియం సైజు, రెండు స్ట్రాపుల మామూలు రకం, వాటిని బోర్డుకు బిగించే గుండ్రటి పళ్లెం 4×2 డిస్క్ (బోర్డు కన్నాలు 4 సెం.మీ., 2 సెం.మీ. దూరంలో ఉండే అమరికకు). బూట్లు యూకే 8. ఎత్తు 5 అడుగుల 8 అంగుళాలు, ఎడమ కాలు ముందు. మార్చి నుంచి సెట్టు మొత్తం విప్పకుండా అటక మీదే ఉంది.

దించి చూస్తే ఎడమ డిస్క్‌లో రెండు స్క్రూల తలలకు ఎర్ర తుప్పు. హీల్ కప్పు (మడమను పట్టే వంపు) బోల్టుల చుట్టూ తెల్లటి పొడి. కుడి చీలమండ స్ట్రాపు రాచెట్ (స్ట్రాపును పన్ను పన్నుగా బిగించే బకిల్) రెండు పళ్లు పట్టి మూడో దగ్గర జారిపోతోంది. వీటిలో తుడిస్తే పోయేదేది, మార్చాల్సిందేది? స్టాన్స్ (రెండు కాళ్ల మధ్య వెడల్పు, పాదాల కోణం) కూడా మొదటి నుంచి పెట్టుకోవాలి. షాపులో పెట్టిచ్చిన కోణాలే ఇప్పటికీ ఉన్నాయి.

డాక్‌యార్డ్_ఫిట్టర్

ముందు ఆ తెల్ల పొడి సంగతి చూడండి సాయిగారూ, ఎర్ర తుప్పు కంటే అదే పెద్ద విషయం. మీ హీల్ కప్పు అల్యూమినియం, బోల్టు ఉక్కు. రెండు వేరు లోహాలు తగిలిన చోట ఉప్పు తేమ చేరితే తినుకుపోయేది అల్యూమినియమే. ఓడ అడుగున జింకు దిమ్మలు బిగించేది ఈ లెక్కనే. అక్కడ జింకును కావాలని బలిపెడతాం, ఇక్కడ మీ హీల్ కప్పు చెప్పకుండా బలైపోతోంది.

బోల్టులు పూర్తిగా విప్పండి. గోరువెచ్చని నీళ్లు, పాత టూత్‌బ్రష్, రెండు చుక్కలు అంట్లు తోమే లిక్విడ్. బోరు నీళ్లు మాత్రం వద్దు, బీచ్ వైపు బోర్లలో ఉప్పు ఉంటుంది, కడిగిన పని మళ్లీ మొదటికొస్తుంది. కుళాయి నీళ్లో, క్యాన్ నీళ్లో వాడండి. ఇనుప పీచు వాడొద్దు. దాని ముక్కలు అల్యూమినియంలో ఇరుక్కుని కొత్త తుప్పుకు మొలకలవుతాయి. కడిగి, ఫ్యాన్ కింద ఒక పూట ఆరనిచ్చి, బోల్టు కన్నం చుట్టూ గోరుతో గీకండి. గోరు గుంటల్లో తట్టుకుంటున్నా కన్నం గుండ్రంగానే ఉంటే ఈ సీజన్‌కు పరవాలేదు. కన్నం కోలగా సాగిపోయినా, అంచు నుంచి పగులు మొదలైనా హీల్ కప్పు మార్చాల్సిందే, ఇంకో మాట లేదు. తిరిగి బిగించేటప్పుడు బోల్టు కాడకు, అంటే మరలేని నున్నటి భాగానికి, బియ్యపు గింజంత మెరైన్ గ్రీజు పూసి తుడిచేయండి. మరలకు పూయొద్దు, వదులైపోతుంది.

ఎర్ర తుప్పు విషయం. గుడ్డతో తుడిస్తే పోయే గోధుమ రంగు మరకైతే స్టెయిన్‌లెస్ స్క్రూయే, పైపై మరక. తుడిచినా గరుకుగా ఉండి, అయస్కాంతం గట్టిగా అంటుకుంటే అది జింకు పూత ఉక్కు, పూత అయిపోయింది. అలాంటివి రెండే కనిపించినా ఎనిమిదీ మార్చండి. ఒకే వయసువి, మిగతావి వరసలో ఉన్నాయంతే.

గాజువాక_గేర్

స్క్రూ విప్పేటప్పుడు సగం మంది చేసే తప్పు స్క్రూడ్రైవర్ దగ్గరే. ఇంట్లో ఉండే ప్లస్ స్క్రూడ్రైవర్ నంబర్ 2. బైండింగ్ స్క్రూలకు కావాల్సింది నంబర్ 3. రెండో నంబర్ కూడా కూర్చున్నట్టే ఉంటుంది, గట్టిగా తిప్పేసరికి తలలో గాడి అరిగి గిన్నె అయిపోతుంది. ఇంకోటి, ప్లస్ గాడి మధ్యలో 45 డిగ్రీల్లో సన్నటి గీతలు నాలుగు కనిపిస్తే అది పోజిడ్రైవ్, దానికి పోజిడ్రైవ్ నంబర్ 3 బిట్టే పెట్టాలి. బిట్ విడిగా కొనుక్కుని పొట్టి పిడిలో పెట్టుకుంటే చాలు.

తుప్పు పట్టి కదలకపోతే బిట్ గాడిలో నిటారుగా పెట్టి, పిడి మీద చిన్న సుత్తితో నాలుగు దెబ్బలు తట్టండి. తుప్పు పట్టు వదులుతుంది. తర్వాత ఒళ్లు బరువంతా మీద వేసి మెల్లగా తిప్పండి. గాడి కాస్త అరిగి ఉంటే బిట్ కొనకు వాల్వ్ గ్రైండింగ్ పేస్ట్ కొంచెం రాస్తే జారదు, మెకానిక్ షెడ్డులో ఎవరినడిగినా చిటికెడు ఇస్తారు. తుప్పు వదిలించే స్ప్రే డిస్క్ మీద నేరుగా కొట్టొద్దు. కొన్ని ప్లాస్టిక్‌లకు ఆ ద్రావకం పడదు.

స్క్రూతోపాటు బోర్డులోని ఇన్సర్ట్ (స్క్రూ దిగే మరల లోహపు గూడు) కూడా గిర్రున తిరుగుతుంటే అక్కడితో ఆపేయండి. అది ఇంట్లో అయ్యే పని కాదు, ఎపాక్సీ పెట్టి మళ్లీ కూర్చోబెట్టాలి.

కొత్త స్క్రూలు: ఎం6 (6 మి.మీ. లావు), మర పిచ్ 1.0 మి.మీ. పొడవు చాలా డిస్క్‌లకు 16 మి.మీ., కానీ పాతది స్కేలు మీద పెట్టి చూసుకోండి. హార్డ్‌వేర్ షాపులో ఎం6 స్క్రూ ఐదు రూపాయలకు దొరుకుతుంది కదా అనుకుంటే తల ఆకారం దగ్గర దెబ్బ తింటారు. మీ డిస్క్‌లో స్క్రూ తల కూర్చునే చోటు చదునుగా ఉండి, షాపువాడు కౌంటర్‌సంక్ తల ఇచ్చాడనుకోండి, బిగించేకొద్దీ ఆ ఏటవాలు తల మేకులా దిగి డిస్క్‌ను చీలుస్తుంది. పాత స్క్రూ, దాని వాషర్ రెండూ పట్టుకెళ్లి పక్కపక్కన పెట్టి చూడండి. వాషర్ లేకుండా బిగిస్తే తల ప్లాస్టిక్‌లోకి దిగబడుతుంది.

పొడవు సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి ఒక లెక్క ఉంది. పిచ్ 1 మి.మీ. కాబట్టి ఒక చుట్టుకు 1 మి.మీ. దిగుతుంది. డిస్క్ పెట్టి, మర పట్టిన దగ్గర్నుంచి బిగుసుకునేదాకా చుట్లు లెక్కపెట్టండి. కనీసం 6 రావాలి. 3, 4కే బిగుసుకుంటే స్క్రూ పొట్టిది, మొదటి గట్టి మలుపులోనే మర ఊడొస్తుంది. స్క్రూ బిగుసుకున్నా బైండింగ్ ఇంకా కదులుతుంటే స్క్రూ పొడుగైంది, ఇన్సర్ట్ అడుగున తగిలి ఆగిపోయింది. అప్పుడు ఇంకా తిప్పితే బోర్డు అడుగున బుడిపె లేస్తుంది.

మధురవాడ_ఎం

డ్రిల్ మెషీన్‌తో బిగిస్తే త్వరగా అయిపోతుంది కదా? క్లచ్ తక్కువలో పెట్టుకుని?

డాక్‌యార్డ్_ఫిట్టర్

ఏటంటే, స్టెయిన్‌లెస్ స్క్రూ స్టెయిన్‌లెస్ ఇన్సర్ట్‌లోకి వేగంగా, పొడిగా దిగితే మరలు ఒకదానికొకటి రాసుకుని అతుక్కుపోతాయి. వెల్డింగ్ చేసినట్టే, మధ్యలో ఆగిపోయి ముందుకూ రాదు, వెనక్కీ రాదు. చేత్తో తిప్పితే గట్టిపడటం ముందే తెలుస్తుంది, మెషీన్‌కి తెలీదు. ఎనిమిది స్క్రూలే కదండీ.

నాలుగూ ముందు వేళ్లతో మూడేసి చుట్లు తిప్పి మర వంకరగా పట్టలేదని చూసుకోండి. తర్వాత ఎదురెదురుగా, ఒక మూల తర్వాత దాని ఎదుటి మూల. పిడి అరచేతిలో పట్టుకుని మామూలు బలంతో ఆగేదాకా, ఆపైన మహా అయితే పావు చుట్టు.

సీతమ్మధార_సాయి

స్క్రూలు ఎనిమిదీ మారుస్తాను. మరలకు ఆ నీలం రంగు థ్రెడ్‌లాకర్ (స్క్రూ వదులవకుండా పట్టే ద్రవం) వేయమని ఒకరు, వేయొద్దని ఒకరు అంటున్నారు. రాచెట్‌కి కొబ్బరినూనె రెండు చుక్కలు వేయొచ్చా?

రుషికొండ_రైడర్

బాబోయ్, కొబ్బరినూనె వద్దు. దాదాపు 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది. ఇక్కడ డిసెంబరు తెల్లవారుజామున సీసాలో తెల్లగా పేరుకోవడం చూస్తూనే ఉంటాం, గుల్‌మార్గ్‌లో సున్నాకు పది డిగ్రీల కింద ఏమవుతుందో ఆలోచించండి. రాచెట్ నాలుక స్ప్రింగుతో సహా బిగుసుకుని కూర్చుంటుంది. కుట్టుమిషన్ నూనె, సైకిల్ గ్రీజు కూడా వద్దు. చలికి చిక్కబడతాయి, దుమ్మును పట్టుకుంటాయి.

మీ రాచెట్ మూడో పన్ను దగ్గర జారుతోందంటే ముందు తేల్చాల్సింది తప్పు రాచెట్‌దా, ల్యాడర్‌దా (రాచెట్‌లోకి దూరే పళ్ల పట్టీ) అని. కుడి బైండింగ్ ల్యాడర్ విప్పి ఎడమ రాచెట్‌లో పెట్టి లాగండి. అక్కడా అదే పన్ను దగ్గర జారితే ల్యాడర్ పళ్లు అరిగాయి. అక్కడ బాగా పట్టితే రాచెట్ నాలుకలో మట్టి చేరిందన్నమాట, లేదా స్ప్రింగ్ నీరసపడింది. కొనే ముందు ఈ ఒక్క పరీక్ష చేస్తే డబ్బు మిగులుతుంది.

ల్యాడర్ పన్ను వెలుతురుకు ఎదురుగా పట్టుకుని పక్క నుంచి చూడండి. మంచి పన్నుకు ఒక వైపు నిట్టనిలువు గోడ, ఇంకో వైపు వాలు ఉంటుంది. అరిగినదానికి ఆ నిట్టనిలువు అంచు గుండ్రంగా, మెరుస్తూ కనిపిస్తుంది. రోజూ బిగించే ఆ రెండు మూడు పళ్లే అరుగుతాయి, మిగతావి కొత్తవిలా ఉంటాయి. స్ట్రాపు రెండో వైపు పొడవు ఒక కన్నం మార్చుకుంటే రాచెట్ కొత్త పళ్ల మీద కూర్చుంటుంది. తాత్కాలికం అనుకోండి, కానీ ట్రిప్పు గడుస్తుంది.

రాచెట్‌దే తప్పైతే గోరువెచ్చని సబ్బు నీళ్లలో పావుగంట నానబెట్టి, లీవరు ఆడిస్తూ బ్రష్‌తో తోమండి. మంచి నీళ్లతో రెండుసార్లు కడిగి, గుడ్డ మీద బోర్లించి ఒక రాత్రి ఆరనివ్వండి. ఆరాక ఇరుసు పిన్ను దగ్గర మాత్రం పొడి సిలికాన్ స్ప్రే ఒక్క నొక్కు, మిగిలింది తుడిచేయాలి. నాలుక కొనకు, ల్యాడర్ పళ్లకు ఏదీ తగలకూడదు. ఇంత చేశాక కూడా నాలుక వేలితో నొక్కి వదిలితే టక్కున వెనక్కి రాకపోతే స్ప్రింగు పోయింది, రాచెట్ మార్చండి.

ల్యాడర్‌కి ఇంకో పరీక్ష ఉంది, అది ఇక్కడి వాళ్లకే ఎక్కువ అవసరం. 30 డిగ్రీల వేడిలో మెత్తగా వంగే ప్లాస్టిక్ చలిలో పెళుసవుతుంది. ల్యాడర్లు నాలుగూ విప్పి, కవర్లో చుట్టి ఒక రాత్రి ఫ్రీజర్లో పెట్టండి. ఇంటి ఫ్రీజర్ దాదాపు సున్నాకు 18 డిగ్రీల కింద ఉంటుంది, కొండ మీది చలికి సరిపోతుంది. పొద్దున్న తీసిన వెంటనే రెండు చేతులతో బూటు మీద వంగేటంత వంచండి. పళ్ల మొదట్లో తెల్ల గీతలు లేచినా, చిటుక్కుమన్నా చెత్తబుట్టలో వేసేయండి. అక్కడ తెగేది ఇంట్లోనే తెగింది, మంచిదే.

గాజువాక_గేర్

థ్రెడ్‌లాకర్ మీద నా లెక్క: వేయొచ్చు, చుక్కలో సగం. వదులైన స్క్రూ కంటే అదే నయం.

డాక్‌యార్డ్_ఫిట్టర్

ఇక్కడ ఒప్పుకోను. ఆ ద్రవం గాలి తగలని చోట లోహం తగిలితే గట్టిపడే రకం. రెండు లోహాల మధ్యే దాని పని. స్క్రూకీ ఇన్సర్ట్‌కీ మధ్య అయితే సరే, కానీ స్క్రూ దిగేది ప్లాస్టిక్ డిస్క్ కన్నంలోంచి. అంచుకు అంటిన తడి అక్కడ గాలికి ఆరక, ప్లాస్టిక్ మీద అలాగే ఉండిపోతుంది. పాలీకార్బనేట్ డిస్క్‌కి అది తగిలి, పైన స్క్రూ ఒత్తిడి కూడా ఉంటే వెంట్రుకవాసి పగుళ్లు పుడతాయి. వెంటనే కనిపించవు, తర్వాత విరిగినప్పుడు తెలుస్తాయి. దానికితోడు స్టెయిన్‌లెస్ మీద అది గట్టిపడటానికి మామూలు ఉక్కు కంటే చాలా సేపు పడుతుంది. పూసి వెంటనే బిగించి బయల్దేరితే పనే చేయదు.

కొత్త బైండింగ్ స్క్రూల మరలకు ముందే ఒక రంగు పట్టీ పొడిగా అంటించి వస్తుంది. అదే సరైన పద్ధతి. ఆ పట్టీ నాలుగైదు సార్లు విప్పి బిగించాక అరిగిపోతుంది. అప్పుడు స్క్రూ మార్చాలి గానీ ద్రవం పోయకూడదు. పోయాలనే ఉంటే పూసి, పూర్తిగా ఆరనిచ్చి, తర్వాత బిగించే రకం దొరుకుతుంది, అది తీసుకోండి.

గాజువాక_గేర్

ఆరనిచ్చే రకం అయితే నాకూ అభ్యంతరం లేదు. డిస్క్ మీద ఏ ప్లాస్టిక్కో రాసి ఉండదు కాబట్టి మీ జాగ్రత్తే సరి అనుకుందాం. కానీ స్క్రూలు వదులవడానికి అసలు కారణం వేరే ఉంది, అది ఎవరూ చెప్పట్లేదు. మనం బిగించేది 28, 30 డిగ్రీల గదిలో. అక్కడికి వెళ్లాక 40 డిగ్రీల తేడా. ప్లాస్టిక్ ఉక్కు కంటే కొన్ని రెట్లు ఎక్కువ ముడుచుకుంటుంది, డిస్క్ పలచబడి స్క్రూ కింద పట్టు తగ్గుతుంది. ఇక్కడ ఎంత బిగించినా అంతే. అందుకే హోటల్ గదిలో కాదు, బోర్డును బయట చలిలో అరగంట ఉంచి అప్పుడు ఒకసారి బిగించాలి. మొదటి రెండు రన్‌ల తర్వాత ఇంకోసారి.

లాసన్స్_బే

స్టాన్స్ గురించి ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి నేను చెప్తాను సాయిగారూ. వరస ముఖ్యం: ముందు వెడల్పు, తర్వాత కోణం, ఆ తర్వాత బూటును మధ్యకు తేవడం, చివర్లో హైబ్యాక్ (పిక్క వెనక నిలిచే పలక). వరస తప్పితే ఒకటి సర్దగానే ఇంకోటి జరుగుతుంది.

వెడల్పు అంటే ఒక డిస్క్ మధ్య నుంచి రెండో డిస్క్ మధ్యకు దూరం. బోర్డు మీద కంపెనీ పెట్టిన రిఫరెన్స్ గుర్తుల దగ్గర మొదలుపెట్టండి. సరిచూసుకోవడానికి మోకాలిచిప్ప మధ్య నుంచి నేలదాకా టేపుతో కొలవండి, చాలామందికి అది సుఖమైన వెడల్పుకు దగ్గర్లో ఉంటుంది. మీ ఎత్తుకు 52 నుంచి 55 సెం.మీ. మధ్య ఎక్కడో తేలుతుంది. కన్నాల వరసల మధ్య దూరం 2 సెం.మీ. కాబట్టి ఒక వరస జరిపితే 2 సెం.మీ. మారుతుంది. గుల్‌మార్గ్‌లో కొత్త మంచు లోతుగా పడిన రోజున వెడల్పు మార్చకుండా రెండు బైండింగ్‌లూ ఒక్కో వరస తోక (బోర్డు వెనక కొన) వైపు జరపండి. బోర్డు ముక్కు (ముందు కొన) పైకి తేలుతుంది, వెనక తొడ మంట తగ్గుతుంది. గట్టి మంచు రోజున మళ్లీ మధ్యకు.

కోణాలు: డిస్క్ అంచున గీతలు సాధారణంగా 3 డిగ్రీలకొకటి ఉంటాయి. సున్నా అంటే బోర్డుకు అడ్డంగా, ప్లస్ అంటే వేళ్లు ముక్కు వైపు, మైనస్ అంటే తోక వైపు. ముందు కాలు +15, వెనక కాలు −6తో మొదలుపెట్టండి. నేల మీద చెప్పుల్లేకుండా అదే వెడల్పులో నిలబడి, చేతులు చాచి లోతుగా గుంజీ తీయండి. మోకాలు పాదం వేళ్లు చూపే దిక్కుకే వెళ్లాలి. వెనక మోకాలు లోపలికి పడిపోతుంటే −9, −12 దాకా తెరవండి. నొప్పి లేకుండా గుంజీ తీయగలిగిన కోణమే మీ కోణం. ఇంటర్నెట్‌లో ఎవరిదో కాదు.

ఇక మధ్యకు తేవడం. దీన్ని వదిలేసేవాళ్లే ఎక్కువ, బోర్డు ఒక అంచు మీద చక్కగా తిరిగి రెండో అంచు మీద మొండికేయడానికి కారణం ఎక్కువసార్లు ఇదే. బూటు వేసి, మడమ వెనక్కి తన్ని, స్ట్రాపులు పూర్తిగా బిగించి చూడాలి. ఖాళీ బైండింగ్ చూసి లాభం లేదు. ఉక్కు స్కేలు అంచుకు నిలువుగా ఆనించి బొటనవేలి వైపు ఎంత బయటికి వచ్చిందో, మడమ వైపు ఎంతో కొలవండి. యూకే 8 బూటు బయటి కొలత సుమారు 30 సెం.మీ. ఉంటుంది. 15 డిగ్రీల కోణంలో అడ్డంగా అది 29 అవుతుంది. మీ బోర్డు బైండింగ్ దగ్గర 26 వెడల్పు అనుకుంటే మిగిలిన 3 సెం.మీ. రెండు వైపులా ఒకటిన్నర చొప్పున పంచుకోవాలి. బొటనవేలి వైపు అర సెంటీమీటరు ఎక్కువున్నా తప్పు కాదు, బూటు ముక్కు పైకి వంగి ఉంటుంది కాబట్టి.

ఇక్కడ 4×2 డిస్క్‌కు ఒక తిరకాసు. డిస్క్‌లోని పొడుగు గాడులు బోర్డు పొడవునా పెడితే వెడల్పు సన్నగా సర్దుకోవచ్చు, అడ్డంగా పెడితే బూటు మధ్యకు జరుపుకోవచ్చు. రెండూ ఒకేసారి కుదరవు. హీల్ కప్పు ముందుకూ వెనక్కూ జరిగే మోడల్ అయితే మధ్యకు తేవడం దానితో చేసి, డిస్క్ గాడులు వెడల్పుకు వదిలేయండి. లేకపోతే గాడులు అడ్డంగా పెట్టి, వెడల్పుకు కన్నాల వరసతో సరిపెట్టుకోండి. నేనైతే ఎప్పుడూ మధ్యకే ఓటు వేస్తాను.

అయ్యాక బోర్డును అంచు మీద నిలబెట్టి, బూటు ముక్కు నేలకు తగిలేదాకా వాల్చి, ఫోన్‌లోని లెవెల్ యాప్‌తో కోణం చూడండి. 60 డిగ్రీలు దాటాకే తగిలితే నిశ్చింత. ముందే తగిలితే మంచులో బూటు గీసుకుని అంచు జారుతుంది.

రుషికొండ_రైడర్

మేడమ్, వెనక కాలు మైనస్‌లో పెట్టడం అందరికీ అలవాటైపోయింది గానీ, తిరగేసి, అంటే వెనక కాలు ముందుగా, నడపని వాళ్లకు దాని అవసరమేంటి? సర్ఫ్ అలవాటున్నవాళ్లకు +21, +6 చాలా హాయి. నడుము ముందుకు తిరుగుతుంది, అంచు మీద బలం సూటిగా పడుతుంది.

లాసన్స్_బే

కార్వింగ్ (బోర్డు అంచు మీద వాలి మలుపులు తీయడం) మాత్రమే చేసేవాళ్లకు మీ మాట నిజమే. కానీ గుల్‌మార్గ్‌లో గొండోలా (కేబుల్ కారు) రెండో దశ పైన దిగితే ఎత్తు 3,900 మీటర్ల పైమాటే, కింద చెట్ల మధ్య నుంచి రావాలి. అక్కడ ఇరుకులో దిక్కు మార్చి పక్కకు జారాల్సి వచ్చినప్పుడు రెండు పాదాలూ ముందుకే ఉంటే తుంటి బిగుసుకుంటుంది. ఇంకోటి, +6 దగ్గర వెనక బూటు బోర్డుకు దాదాపు అడ్డంగా ఉంటుంది, బయటికి వచ్చే భాగం పెరుగుతుంది. 25.2 నడుముకు అది గుర్తుంచుకోవాలి.

రుషికొండ_రైడర్

బూటు బయటికి రావడం −6కీ అంతే కదా మేడమ్, గుర్తు మారింది గానీ కోణం అదే.

లాసన్స్_బే

ఆ మాట ఒప్పుకున్నాను. తుంటి మాట మాత్రం వదలను.

మధురవాడ_ఎం

నా బోర్డుకు కన్నాలు లేవు, మధ్యలో రెండు పొడుగు గాడులున్నాయి, ఛానల్ అంటారే అది. దానికీ ఇదేనా?

గాజువాక_గేర్

అందులో స్క్రూ ఇన్సర్ట్‌లోకి కాదు, గాడిలో జరిగే చిన్న నట్టులోకి దిగుతుంది. ముందు ఆ నట్లు బయటికి తీసి తుప్పు చూడండి. గాడిలో ఇసుక, పాత మైనం ముక్కలు పేరుకుంటాయి, గట్టి బ్రష్‌తో, సన్నని పుల్లతో గీకి తీసేయండి. నట్టు ఏటవాలుగా కూర్చుంటే బిగించినట్టే అనిపించి తర్వాత జరుగుతుంది. బిగించే ముందు స్క్రూను కొంచెం కదిలించి నట్టు చదునుగా ఆనిందో లేదో చూసుకోండి. సరైన చోటు కుదిరాక బోర్డు పక్కగోడ మీద మార్కర్‌తో సన్న గీత గీసుకుంటే, జరిగిందో లేదో ఒక్క చూపులో తెలుస్తుంది. మీకు లాభమేంటంటే వెడల్పు మిల్లీమీటర్లలో సర్దుకోవచ్చు, కోణం కూడా సన్నగా సర్దుకోవచ్చు. నట్లు రెండు అదనంగా దగ్గర పెట్టుకోండి, మంచులో పడితే దొరకవు.

సీతమ్మధార_సాయి

లాసన్స్_బే గారూ, హైబ్యాక్ వాలు ఎంత పెట్టాలి? స్ట్రాపులు ఎక్కడ కూర్చోవాలి?

లాసన్స్_బే

వాలు సున్నా నుంచి మొదలుపెట్టండి. వాలు పెంచితే మడమ అంచు త్వరగా పడుతుంది, కానీ మోకాళ్లు ఎప్పుడూ వంగే ఉంటాయి, పిక్కలు మండుతాయి. కింద దుప్పటి పరిచి బోర్డెక్కి, రెండు కాళ్లూ బిగించి పది నిమిషాలు నిలబడండి. పిక్క వెనక హైబ్యాక్ తగులుతూ ఉండాలి, తోయకూడదు. ఒక మెట్టు పెంచాక కూడా సుఖంగా ఉంటే ఉంచండి. కోణం పెట్టాక హైబ్యాక్‌ను కూడా తిప్పి మడమ అంచుకు సమాంతరంగా తేవాలి. రెండు పక్కల బోల్టులు వదులు చేసి, ఒకటి ముందుకు, ఒకటి వెనక్కి. కొన్ని మోడళ్లకు ఆ వీలుండదు, బలవంతం చేయొద్దు.

చీలమండ స్ట్రాపు దిండు పాదం వంపు మీద సరిగ్గా మధ్యలో ఉండాలి. ఒక పక్కకు జరిగి ఉంటే రెండు వైపులా ల్యాడర్ పొడవు సరిచేయండి. బిగించాక రాచెట్‌లోకి కనీసం నాలుగైదు పళ్లు వెళ్లాలి, అలాగని ల్యాడర్ మొత్తం అయిపోకూడదు. ముందు స్ట్రాపు వేళ్ల కొన మీద టోపీలా కూర్చుని బూటును వెనక్కి నొక్కాలి. పైకి జారి లేసుల మీద కూర్చుంటుంటే దాని పొడవు తగ్గించండి. అడుగున జరిగే టో ర్యాంప్ (బూటు వేళ్ల కింద ఆనే పలక) ఉంటే బోర్డు అంచుకు కొంచెం ముందుదాకా లాగండి, అంచు దాటనివ్వొద్దు.

మధురవాడ_ఎం

సీజన్ అయిపోయాక ఎలా దాచాలి? అటక మీద కలరా ఉండలు వేసి ఉంచితే పురుగు రాదని ఇంట్లో అంటున్నారు.

డాక్‌యార్డ్_ఫిట్టర్

ప్లాస్టిక్‌కి పురుగు రాదండీ, తేమ వస్తుంది. కలరా ఉండల ఆవిరి కొన్ని ప్లాస్టిక్‌లను మెత్తబరుస్తుంది, ఆ పెట్టెలో వేయకండి. అటక మీద స్లాబు వేడి ఇంకో దెబ్బ. మంచం కింద పెట్టుకోవడమే మేలు. బైండింగ్‌లు బోర్డు మీద నుంచి విప్పేయాలి, లేకపోతే డిస్క్ కింద చేరిన తడి నెలల తరబడి అక్కడే ఉంటుంది. విప్పిన స్క్రూలు చిన్న డబ్బాలో వేయండి. బైండింగ్‌లు మంచి నీళ్లతో కడిగి, రెండు రోజులు నీడలో ఆరబెట్టి, మూత గట్టిగా పడే ప్లాస్టిక్ పెట్టెలో సిలికా జెల్‌తో పెట్టండి. రంగు మారే రకం తీసుకుంటే ఎప్పుడు ఆరబెట్టాలో తెలుస్తుంది. ఆరని తడితో మూత పెడితే మాత్రం పెట్టె లేకుండా ఉంచడమే నయం.

రుషికొండ_రైడర్

స్ట్రాపులు బూటు ఆకారంలో వంపుగా బిగించే దాచండి. వెనక్కి మడిచి పెడితే ల్యాడర్ ఆ వంపులోనే గట్టిపడిపోతుంది. స్ట్రాపు పైపొర జిగటగా అవుతున్నా, పొట్టులా లేస్తున్నా అది పాలీయురెథేన్ తేమకు కరుగుతున్న లక్షణం. కడిగితే తగ్గదు, స్ట్రాపే మార్చాలి. బూటు అడుగు కూడా చేత్తో వంచి చూడండి, జిగురు వదిలి నోరు తెరిచే రోగం అక్కడా వస్తుంది.

గాజువాక_గేర్

సంచిలో పెట్టుకోవాల్సినవి: అదనపు ఎం6 స్క్రూలు నాలుగు, వాషర్లతో. చీలమండ ల్యాడర్ ఒకటి, ముందు ల్యాడర్ ఒకటి. రాచెట్ ఒకటి. స్ట్రాపు బోల్టు, దాని నట్టు రెండు జతలు. ఇవి మీ కంపెనీ, మీ మోడల్‌వే అయ్యుండాలి, ల్యాడర్ పళ్ల దూరం కంపెనీకో రకంగా ఉంటుంది. పైన అన్నీ చేసినా మిమ్మల్ని రోజంతా కూర్చోబెట్టేది సాధారణంగా తెగిన ల్యాడరే. రెండు మూడు గట్టి జిప్ టైలు ఉంటే కిందదాకా దిగిపోవచ్చు. పొట్టి పిడి, నంబర్ 3 బిట్ చెక్-ఇన్ సామానులో వేయండి. క్యాబిన్ బ్యాగులో స్క్రూడ్రైవర్ ఉంటే ఎయిర్‌పోర్టులోనే తీసేసుకుంటారు.

మధురవాడ_ఎం

బోర్డు మోసుకెళ్లకుండా అక్కడ అద్దెకు తీసుకుని, బైండింగ్‌లు మాత్రం సొంతవి పట్టుకెళ్తే?

గాజువాక_గేర్

మంచి ఆలోచనే, మీ కాలికి కుదిరింది మీ దగ్గరే ఉంటుంది. కానీ అద్దె బోర్డు కన్నాల అమరిక ముందే ఫోన్ చేసి అడగండి, ఫొటో పంపమనండి. 4×4, 4×2 రెండింటికీ మీ డిస్క్ పడుతుంది. త్రికోణంలా మూడు కన్నాల పాత అమరికైతే వేరే డిస్క్ కావాలి. మీది ఛానల్‌కు మాత్రమే కుదిరే డిస్క్ లేని రకమైతే కన్నాల బోర్డు మీద అసలు కూర్చోదు. అద్దె బోర్డు ఇన్సర్ట్‌లలో మర అరిగి ఉంటుంది కూడా. అక్కడే ఆ షాపు ముందే వేళ్లతో ఒక్కో కన్నంలో స్క్రూ తిప్పి చూడండి, ఎనిమిదిలో ఒక్కటి పట్టకపోయినా ఇంకో బోర్డు అడగండి.